వాత అయితే రాయనక్కరలేదు

మొన్న ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కొత్తగా సూపర్‌వైజరు ఉద్యోగంలో చేరిందట. పిల్లలను ఎవరైనా హింసిస్తున్నా, పస్తులు పెడుతున్నా, పట్టించుకోకుండా వదిలేసినా పెద్దవాళ్లు ఎలా కనిపెట్టాలో, ఎవరికి చెప్పాలో టీచర్లకు, అంగన్‌వాడీ వాళ్లకు తను ట్రైనింగు ఇవ్వాలట. "మీరు ఈ పని చాలా ఏళ్లు చేశారంట కదా మేడం. మీ పాత నోట్సు ఏమైనా ఉంటే ఇస్తారా?" అని అడిగింది.

నోట్సు అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండింది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. టీ ఇచ్చి, వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడి పంపించేశాను. నోట్సు ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో చెప్పాలంటే ఇదంతా రాయక తప్పదు.

భోజనం తర్వాత గంట

నేను డెబ్బయ్యవ దశకం మొదట్లో ఆళ్లగడ్డ పంచాయతీ సమితిలో ముఖ్యసేవికగా చేరాను. అప్పటికి మండలాలు రాలేదు. సమితి కింద ఊళ్లలో ఇరవై మూడు బాల్వాడీలు ఉండేవి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు పొద్దున వచ్చి, పాటలు పాడి, గోధుమ నూక ఉప్మా తిని మధ్యాహ్నానికి ఇళ్లకు పోయేవాళ్లు. ఒక్కో బాల్వాడీకి ఒక టీచరు, ఒక వంట ఆయా. నెలకోసారి ఆ టీచర్లను ఆళ్లగడ్డకు పిలిపించి పాఠాలు చెప్పడం, తర్వాత ఊరూరా తిరిగి వాళ్లు ఏం చేస్తున్నారో చూడటం నా పని.

ఏ పాఠం ఎప్పుడు చెప్పాలో పట్టిక పైనుంచి వచ్చేది. పోషకాహారం, శుభ్రత, ఆటపాటలు, కూరగాయల మడులు, అన్నిటికీ కింద ఒక వరుస: 'పిల్లల పట్ల క్రూరత్వము, నిర్లక్ష్యము గుర్తించుట, తెలియజేయుట. ఒక గంట.' ఎవరికి తెలియజేయాలో అందులో లేదు. ఎవరికని పైకి ఉత్తరం రాస్తే 'తగిన వారికి' అని జవాబు వచ్చింది. ఆ తగినవారెవరో నేను రిటైరయ్యేదాకా వెతుకుతూనే ఉన్నాను.

ఆ గంటను ఎప్పుడూ భోజనం తర్వాతే పెట్టేవారు. ఎండాకాలం ఆళ్లగడ్డలో రేకుల కప్పు కింద, సంకటి తిని కూర్చున్న మనుషులను మేలుకొని ఉండమనడమే ఒక క్రూరత్వం. ముందు వరుసలో ఒకామె కునికిపాట్లు పడుతూ పక్కామె భుజం మీద వాలేది. ఆమె తల పైకి లేపడం పక్కామె పని. మిగతావాళ్లు కిటికీలోంచి బస్సు వచ్చిందా లేదా అని చూసేవాళ్లు.

అప్పుడప్పుడు పక్క బళ్ల అయ్యవార్లను కూడా పిలిచేవాళ్లం. ఒకసారి ఒక హెడ్మాస్టరు బెత్తంతోనే వచ్చి, దాన్ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. మంచి మనిషి, లెక్కలు బాగా చెప్పేవాడు. "మీ బడి పిల్లల ఒంటి మీద దెబ్బలు కనబడితే ఏం చేస్తారు సార్?" అని అడిగాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "మేం కొట్టినవా, ఇంట్లో కొట్టినవా?" అన్నాడు. వేళాకోళానికి కాదు, తెలుసుకోవాలనే అడిగాడు.

ఆయన్ని మాత్రం ఏమనగలం? బిడ్డను బడిలో వేసేటప్పుడు ప్రతి తండ్రీ చెప్పే మాట ఒకటే. "కండ్లు రెండూ ఇడిసిపెట్టి యాడన్నా కొట్టు సామీ, తోలు నీది." దండం దశగుణం భవేత్ అని ఒకరు, మొక్కై వంగనిది మానై వంగునా అని ఇంకొకరు. చివరికి అందరూ కలిసి, మమ్మల్ని కొట్టలేదా, మేం పెరగలేదా అనేవాళ్లు. మా నాయన కూడా మిషన్ బడిలో అయ్యవారే. ఆయన బెత్తం దెబ్బలు నా చేతుల మీదా పడ్డాయి. మా నాయన మంచివాడని, ఆయన కొట్టడం మాత్రం మంచిది కాదని ఒకే నోటితో చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

రంగమ్మ జేజి

చేరిన రెండో ఏడు నేను చేసిన తప్పు ఇది. ఊరి పేరు రాయను. అక్కడి బాల్వాడీలో ఒక నాలుగేళ్ల పిల్లాడి పొట్ట మీద మూడు కాలిన గీతలు కనబడ్డాయి. నాకు అప్పటికి కొత్త. మా ట్రైనింగులో పటం వేలాడదీసి, కాలిన గాయం కనబడితే అనుమానించాలని చెప్పి పంపారు. పిల్లాడి చేయి పట్టుకుని నేరుగా వాళ్లింటికి పోయాను. వీధిలో నిలబడి, నలుగురూ వినేట్టుగా, పసివాణ్ణి ఎవరు కాల్చారని అడిగాను.

పిల్లాడి జేజి, రంగమ్మ, బయటికి వచ్చింది. ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా కాల్చి వాతలు పెట్టే చెయ్యి ఆమెదేనని నాకు తెలియదు.

"ఏందమ్మా, నా మనవన్ని నేనే కాల్చుకున్నానని అంటాండావా?" అంది. "కామెర్లొచ్చి కండ్లు పసుపుముద్దలయిపాయ. వాత పెడ్తిమి. బతికినాడు. నువ్వు మందు తెచ్చింటే నీ మందే ఏసిందుము. తెచ్చినావా?"

నేను తేలేదు. ఆ ఊరికి నర్సమ్మ రావడమే నెలకో, రెండు నెలలకో ఒకసారి. నేను తిరిగి బస్సు దగ్గరికి వచ్చేసరికి నాకన్నా ముందే కథ అక్కడికి చేరింది. అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు పంచె పక్కకు జరిపి, చొక్కా ఎత్తి, పాత వాతలు చూపించడం మొదలుపెట్టారు. "నన్ను గూడా కాల్చినారు మేడం, రాసుకో." "నాకు రెండుండాయి, రెండూ రాసుకో." బస్సు కదిలేదాకా నవ్వుతూనే ఉన్నారు. కండక్టరు కూడా టికెట్టు కొట్టడం మానేసి నవ్వాడు.

మర్నాడు మా బి.డి.ఓ. గారు పిలిపించారు. చెడ్డవాడు కాదు. ఎక్కడా గొడవ రాకుండా సంవత్సరం గడవాలని కోరుకునే మనిషి, అంతే. "ఊర్లో డాక్టరు లేడు, మందు లేదు. వాతలుండాయి. ఉన్నదాన్ని గూడా ఊడబెరికితే ఎట్లమ్మా? గమ్మున ఉప్మా సంగతి చూసుకో" అన్నారు.

ఇప్పుడు తలచుకుంటే ఆ రోజు నేను చెయ్యాల్సింది కష్టమేమీ కాదు. లోపల కూర్చుని మెల్లగా అడగాలి, రంగమ్మ చెప్పేది వినాలి, నర్సమ్మను వెంటబెట్టుకుని మళ్లీ పోవాలి. రంగమ్మకు మనవడంటే ప్రాణమే, పసివాడి పొట్ట కాలిందీ నిజమే. నేను మొదట కాలిన పొట్ట ఒక్కటే చూశాను. బస్సు దగ్గర అంతమంది నవ్విన తర్వాత ఆ పొట్టనే మరిచిపోయాను.

చూశాను, సంతకం

ఆ తర్వాతి నెల మీటింగులో ఈ సంగతి రాక తప్పలేదు. టీచర్లందరూ ముసిముసి నవ్వులు నవ్వుతున్నారు. పరువు కాపాడుకోవాలి కదా. "సరే, రాసుకోండి" అన్నాను.

ఈ మాట గురించి కొంచెం చెప్పాలి. మా టీచర్లు గంటసేపు నేను చెప్పేది ఏదీ వినేవాళ్లు కాదు. 'రాసుకోండి' అనగానే మాత్రం నిద్రపోతున్న ఆమె కూడా కళ్లు తెరిచి పెన్ను తీసేది. చెప్పింది గాలికి పోతుంది, రాయించింది ఆర్డరు. ఆ పుస్తకాలను నేను ఊళ్లు తిరిగేటప్పుడు అడిగి చూసి, పేజీ కింద ఎర్ర సిరాతో 'చూశాను' అని రాసి సంతకం పెట్టాలి. అదీ పద్ధతి.

ఆ రోజు నేను రాయించింది ఇది: 'కాలిన మచ్చ వాత అయితే అది వైద్యం. రాయనక్కరలేదు.'

ఇరవై మూడు పుస్తకాల్లో ఇరవై ముగ్గురూ రాసుకున్నారు. తర్వాత రెండు నెలల్లో అన్ని ఊళ్లూ తిరిగి ఇరవై మూడింటి కిందా 'చూశాను' అని సంతకం పెట్టాను. నేను చెప్పిన పాఠాల్లో అందరూ ఇంత శ్రద్ధగా నేర్చుకున్నది ఇంకొకటి లేదు. పని తప్పించే మాట మనిషికి ఊరికే నోటికొస్తుంది.

నరసన్న వరండా

అప్పట్లో బాల్వాడీలకు సొంత గది ఉండేది కాదు. ఊరి పెద్ద ఎవరైనా దయతలిచి వరండా ఇస్తే అందులో నడిచేవి. ఆళ్లగడ్డకు ముప్పావుగంట దూరంలో ఒక ఊళ్లో నరసన్న అనే ఆయన తన మిద్దె ఇంటి వరండా ఇచ్చాడు. ఊరంతా గౌరవించే మనిషి. అక్కడి టీచరు ఈశ్వరమ్మ ఆ ఊరి పిల్లే, ఆయన్ని మామా అని పిలిచేది. వంట ఆయా హుసేనమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు.

ఆ బాల్వాడీలో ఓబుళమ్మ అని ఐదేళ్ల పాప ఉండేది. నరసన్న తమ్ముడి కూతురు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోతే పెద్దనాయన ఇంట్లో పెరుగుతోంది. వరండాలో బడి, వెనక గదుల్లో ఇల్లు. ఆ పాపకు బడి నుంచి ఇంటికి పోవడమంటే ఒక గడప దాటడమే.

ఒకసారి నేను తనిఖీకి పోయినప్పుడు పిల్లలందరూ నా గొడుగు ముట్టుకోవాలని ఎగబడ్డారు. ఓబుళమ్మ రాలేదు. కుడిచెయ్యి పావడా మడతల్లో దాచుకుని గోడకు ఆనుకుని నిలబడింది. దగ్గరికి పోయి చెయ్యి బయటికి తీశాను. మణికట్టు మీద కాలిన గీత ఉంది.

"వాత మేడం" అంది ఈశ్వరమ్మ, నేను అడగకముందే. "కామెర్లకు పెట్టినారు."

పాప కళ్లు తెల్లగా ఉన్నాయి. కామెర్లు ఎప్పుడొచ్చాయని నేను అడగలేదు. వాత ఎవరు పెట్టారని అడగలేదు. పాపనైతే ఏమీ అడగలేదు. బస్టాండులో పంచెలు జరిపిన పెద్దమనుషులు కళ్ల ముందు మెదిలారు. ఇంకోసారి నవ్వులపాలు కావడం నాకు ఇష్టం లేదు. ఇంతలో లోపలి నుంచి నరసన్న భార్య ఇత్తడి చెంబులో మజ్జిగ పంపింది. తాగాను. పుస్తకం అడిగి సంతకం పెట్టి వచ్చేశాను.

రెండు నెలలకు ఒక మధ్యాహ్నం బస్సు కండక్టరు సమితి ఆఫీసుకు వచ్చి, హుసేనమ్మ నంద్యాల పెద్దాసుపత్రిలో ఉందని, నన్ను వెంటనే రమ్మందని చెప్పి పోయాడు. హుసేనమ్మకు జబ్బు చేసిందనుకున్నాను. పోయి చూస్తే మంచం మీద ఓబుళమ్మ ఉంది. కుడి అరచెయ్యి గుడ్డతో చుట్టి ఉంది. ఎన్నాళ్ల పుండో, వాసన వస్తోంది.

హుసేనమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఎవరికీ చెప్పకుండా, పొయ్యి మీద ఉప్మా అట్లే వదిలేసి, పాపను చంకనేసుకుని బస్సెక్కిందట.

"నీకు ఎట్లా తెలిసింది?" అన్నాను.

"ఉప్మా పెడితే తినేకి చెయ్యి చాపలే మేడం. ఎడమచేత్తో తింటాంటే ఈశ్వరమ్మ వొద్దన్నాది. కుడిచెయ్యి తీయమంటే తీయలే. నేను తీసి చూస్తి." ఆమె నావైపు చూడలేదు. "అంతకంటే ఏం తెలుసుకోవాల?"

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, పొడిపొడిగా మాట్లాడేది. పాప ఒంటి మీద ఉన్నవన్నీ ఒక కాగితం మీద బొమ్మ గీసి రాసుకుంది. "ఇవి ఒక్కసారి పెట్టినవి కావు" అంది నాతో. "కొన్ని మానినాయి. కొన్ని మానుతున్నాయి. కొన్ని మానినవాటి మీదనే మళ్లీ పెట్టారు. ఏ జబ్బుకైనా అట్లా పెడతారా? మీరెప్పుడూ చూడలేదా?"

చూశానన్నాను.

"చూసి ఏమనుకున్నారు?"

ఆ ప్రశ్నకు జవాబు నా ఎర్ర సిరాలో ఉంది.

పాపను అడిగితే దాచకుండా చెప్పింది. "పక్క తడుపుతానని పెద్దనాయన అట్లకాడ కాల్చి పెడ్తాడు." మొదట మణికట్టు మీద, తర్వాత కాళ్ల మీద, చివరికి అరచేతిలో. మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను బయటికి వచ్చి వరండా స్తంభం పట్టుకుని ఏడ్చాను. ఏడ్చి ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. ఇక్కడ కాలిన చెయ్యి నాది కూడా కాదు.

బిల్డింగు పాయ

మర్నాడు ఆ ఊరు పోయాను. ఈశ్వరమ్మ మీద అరిచాను. ఇంత కళ్లెదుట జరుగుతుంటే నోట్లో ఏం పెట్టుకున్నావన్నాను. ఆ పిల్ల ఏడ్వలేదు. లోపలికి పోయి తన పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసి నా చేతికిచ్చింది.

"నరసన్న మామ వరండాలో కూసోని నరసన్న మామ మీద యాడ రాయాల మేడం? దినమూ భయమే. ఈ మాట చూసుకుంటే పానం కుదుటపడేది. వాత అయితే రాయనక్కరలేదని మీరే రాయిస్తిరి. కింద సంతకం మీదే కదా."

నాదే. తేదీతో సహా ఉంది.

అక్కడి నుంచి ఆళ్లగడ్డ వచ్చి పోలీసు స్టేషనుకు పోయాను. హెడ్ కానిస్టేబులు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, అంతవరకు మర్యాదే. "దొంగతనమా? కాదు. కొట్లాటనా? కాదు. ఇంటి మనిషి ఇంటి పిల్లకు బుద్ధి చెప్పినాడు. రేపు నేను నా కొడుకును కొడితే నా మీద నేనే కేసు రాసుకోవల్లనా అమ్మా?" అన్నాడు. డాక్టరమ్మ రాసిన కాగితం చూపించాను. చదివి, మడిచి, జాగ్రత్తగా నాకే తిరిగిచ్చాడు.

నరసన్న అయితే దాచుకోనే లేదు. "మా ఇంటి పిల్ల. అమ్మ లేదు, అబ్బ లేదు. అన్నం పెట్టేది నేను. తప్పు జేస్తే బుద్ధి చెప్పేది ఎవురు, నువ్వా?" అన్నాడు. తను చేసింది తప్పని ఆయనకు అనిపించనే లేదు. ఈ ఉద్యోగంలో ఎక్కువగా ఎదురయ్యేది ఇలాంటివాళ్లే. కోరలున్న రాక్షసుడి కోసం వెతికితే ఎన్నటికీ దొరకడు.

చివరికి పాప బయటపడింది కేసు వల్ల కాదు. నంద్యాలలో జిన్నింగు మిల్లులో పనిచేసే అమ్మమ్మ ఒకామె పాపకు ఉందని హుసేనమ్మే కనిపెట్టింది. ఆ ముసలామె ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన కూర్చుని, "దీన్ని యాడికీ పంపను" అంది. డాక్టరమ్మ నేను తెచ్చిచ్చిన ఆ కాగితాన్ని దగ్గర పెట్టుకుని, పాపను పంపమని అడగడానికి వస్తే కోర్టులో మాట్లాడుకుందామని నరసన్నకు కబురు పంపింది. ఆయన రాలేదు. పీడ పోయిందనుకున్నాడో ఏమో. పాప చేతి మూడు వేళ్లు మాత్రం ఇంక తెరుచుకోలేదు.

ఊళ్లో వరండా తలుపు మూసేశారు. బాల్వాడీ సామాను వీధిలో పెట్టారు. పిల్లల్ని తీసుకుపోయి బందెలదొడ్డి పక్కన రేకుల షెడ్డులో కూర్చోబెట్టాం. బి.డి.ఓ. గారు నన్ను పిలిచి తల పట్టుకున్నారు. "ఏం పని చేస్తివమ్మా. బిల్డింగు పాయ గదా" అన్నారు. పాప ఎలా ఉందని అడుగుతారేమోనని నిలబడి చూశాను. రిపోర్టులో బిల్డింగు అన్న గడి ఖాళీగా ఉంటుందన్నదే ఆయన దిగులు. వచ్చిన ఆగస్టులో ఆ ఊరి బడిలో జెండా ఎగరేసింది నరసన్నే. కంచే చేను మేసింది, ఊరు కంచెకు దండ వేసింది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు.

ఇరవై మూడు పుస్తకాలు

ఆ వాక్యాన్ని కొట్టేయడానికి బయలుదేరాను. తర్వాతి మీటింగులోనే వచ్చినవాళ్లందరితో కొట్టేయించాను. 'మచ్చ ఏదైనా, ఎవరు ఏమని చెప్పినా, ముందు రాయాలి' అని రాయించాను. ఒకామె లేచి, "ముందుదే బాగుండాది కదా మేడం. పైనుంచి ఆర్డరేమన్నా మారిందా?" అంది. ఇంకొకామె కొట్టేయలేదు, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది. పుస్తకం ఇంట్లో మరిచిపోయి వచ్చినవాళ్లు ఆరుగురు. వాళ్ల ఊళ్లకు పోయాను. పోతే ఒకామె తన పుస్తకాన్ని పక్క సమితిలో కొత్తగా చేరిన చెల్లెలికి ఎత్తిరాసుకోవడానికి ఇచ్చిందని తెలిసింది. తప్పుకు కాళ్లుంటాయి, దిద్దుబాటుకు బస్సు కూడా దొరకదు.

ఒక్క పుస్తకం మిగిలింది. మరియమ్మ అనే టీచరు ఆ మీటింగుకు ముందే పెళ్లి చేసుకుని సున్నిపెంట వెళ్లిపోయింది. భర్తకు డ్యాము దగ్గర ఉద్యోగం. అప్పటికి నన్ను నంద్యాలకు బదిలీ చేశారు. మరియమ్మ అక్కడి క్వార్టర్సులో చిన్నపిల్లల బడి నడుపుతోందని విని, సెలవు పెట్టుకుని ఘాటు రోడ్డు మీద ఊగిపోతూ సున్నిపెంట పోయాను. పాపం, ఎంత సంతోషించిందో. కోడికూర వండింది. పుస్తకం అడిగితే, సామాను మార్చేటప్పుడు పోయిందని చెప్పింది. అమ్మయ్య అనుకున్నాను.

"పుస్తకం పోతే పోనీలే మేడం, నాకంతా నోటికొచ్చు" అంది మరియమ్మ. చేతులు కట్టుకుని, బడిపిల్లలా నిలబడి, ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పింది. కాలిన మచ్చ వాత అయితే అది వైద్యం, రాయనక్కరలేదు.

కోడికూర పళ్లెం పక్కకు జరిపాను. ఓబుళమ్మ సంగతంతా ఆమెకు చెప్పాను. మరియమ్మ గుడ్లనీళ్లు కుక్కుకుంది. సాయంత్రం బస్సెక్కించడానికి వచ్చి, "అయితే మేడం, ఇప్పుడు రాయాల్నా, వద్దా?" అని అడిగింది. రాయాలని మూడుసార్లు చెప్పి బస్సెక్కాను.

ఎనభయ్యవ దశకమంతా నంద్యాలలో ఇదే పాఠం చెప్పాను. పటాలు మానేశాను. కునికిపాట్లకు మందుగా హుసేనమ్మను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, ఆ రోజు ఏం చూశావో చెప్పమనేదాన్ని. ఆమె రెండు నిమిషాల్లో ముగించేది. అదే నా గంటకన్నా బాగా ఎక్కేది. పాత మచ్చ మీద కొత్త మచ్చ ఉందా చూడండి. బిడ్డను అడిగితే పెద్దవాళ్లు అందుకుని జవాబు చెబుతున్నారా చూడండి. అందరూ గొడుగు కోసం ఎగబడుతుంటే ఎవరు గోడకు ఆనుకున్నారో చూడండి. రంగమ్మ జేజిలాంటి వాళ్లది కూడా రాయండి. నేరమని కాదు, ఆ ఇంటికి నర్సమ్మ పోవాలని. మజ్జిగ ఇస్తే తాగండి, తాగినంత మాత్రాన కళ్లు మూసుకోకండి. పొరపాటు పడితే ఊరు నవ్వుతుంది. నవ్వనివ్వండి. నవ్వులపాలైన సూపర్‌వైజర్లు ఎవరూ చచ్చిపోలేదు.

ఎడమచెయ్యి

ఓబుళమ్మను తర్వాత ఒకసారే చూశాను. నంద్యాలలోనే ఉన్నా, పోవడానికి నాకు ముఖం చెల్లక ఏళ్లు గడిపాను. పోయేసరికి తొమ్మిదో తరగతి చదువుతోంది. వాళ్ల అమ్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో ఏదో రాస్తోంది. గుండ్రటి చక్కని అక్షరాలు.

నేను ఎవరో చెప్పాను. గొడుగు మేడం అని గుర్తుపట్టింది. నాకు ఏళ్ల తరబడి ఒక అనుమానం లోపల ఉండిపోయింది. ఆ రోజే అడిగాను. "ఆ వరండాలో అంతమంది ఉన్నారు కదమ్మా. ఒక్కరికీ చెప్పలేదా?"

"చెప్తి" అంది. "ఈశ్వరమ్మ టీచరుకు చెప్తి. పెద్దనాయన కాల్చినాడని. ఆయమ్మ పుస్తకం తీసి చూసె. మల్ల మూసి పెట్టెలో పెట్టేసె. నా గురించి అందులో ఏమో రాసుండాదనుకున్నా. ఇంకెవురికీ చెప్పలే."

నేను ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పుస్తకంలో ఏముందో, అది ఎవరు రాయించారో, కింద సంతకం ఎవరిదో. ఆమె తిడుతుందేమో, లేచి లోపలికి పోతుందేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. నా ముఖం వంక చూసి అడిగింది.

"మల్ల ఇప్పుడేం రాయిస్తాండారు?"

'మచ్చ ఏదైనా ముందు రాయాలి' అన్న నా కొత్త వాక్యం చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నా సంచిలోంచి పైకి కనబడుతున్న ట్రైనింగు పుస్తకం తీసుకుని, ఖాళీ పేజీ తెరిచి, ఎడమచేత్తో నిదానంగా ఒక వరుస రాసిచ్చింది. 'బిడ్డ చెప్తాంటే పుస్తకం చూడొద్దు, బిడ్డను చూడండి.'

ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ప్రతి ట్రైనింగులోనూ మొదట ఆ మాట చెప్పాను. రాసుకోండి అనలేదు. ఎవరైనా పెన్ను తీస్తే మూసి పెట్టమన్నాను. మొన్న వచ్చిన అమ్మాయికి నోట్సు ఇవ్వకపోవడానికి కారణం ఇంతే. రేపు మళ్లీ రమ్మని కబురు చేస్తాను. ఈసారి చేతులు ఖాళీగా పెట్టుకుని రమ్మంటాను.